తప్పు దిద్దే యంత్రం: తగ్గుతూ వచ్చిన వెల

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, శ్రీహరికోట అనే దీవి ఉన్నది. 1969లో దీనిని రాకెట్టు ప్రయోగాలకు ఎన్నుకున్నారు. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్టు ఇక్కడినుంచి ఎగిరింది. 1980 జూలై 18వ తేదీన ఎస్.ఎల్.వి.-3 వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సూళ్లూరుపేటతోపాటు ఈ దీవి తిరుపతి జిల్లాలో చేరింది. అయినా ఆ కేంద్రం చరిత్రలో అర్ధశతాబ్దం నెల్లూరు జిల్లాలోనే గడిచింది కనుక, దీనిని నెల్లూరు తీరపు కథగానే చెప్పుకోవడం న్యాయం.

రాకెట్టు లేవడం అందరూ చూడగల దృశ్యం. కాని ఉపగ్రహం పైకి వెళ్లిన తరువాతనే దాని అసలు పని ఆరంభమవుతుంది. అది మనతో మాట్లాడాలి. మాట్లాడడానికి దానికున్న శక్తి స్వల్పం. 1977లో బయలుదేరి సౌరకుటుంబపు అంచులు దాటిన వోయేజరు నౌకల ప్రసారిణి బలం సుమారు 23 వాట్లు. అంటే ఇంట్లో వెలిగే చిన్న దీపమంత. మన నావిక్ ఉపగ్రహాలు అంత దూరాన లేకపోయినా, 36,000 కిలోమీటర్ల ఎత్తునుంచి పలుకుతున్నవి. ఆ పలుకు నేలను చేరేసరికి, ఆకాశంలోని రొదలోనూ, రిసీవరులో సహజంగా పుట్టే రొదలోనూ మునిగిపోయి ఉంటుంది. అది సున్నలు, ఒకట్లుగా వస్తుంది. వానినే బిట్లు అంటున్నాము. వానిలో కొన్ని తారుమారవుతవి. తారుమారైన వానిని పసిగట్టి దిద్దే యంత్రం నేలమీద ఉండాలి. దాని పేరు డీకోడరు. ఒకనాడు అల్మారా అంత చోటును ఆక్రమించిన ఈ యంత్రం, చేపల పడవలో పెట్టుకొనే చిన్న పెట్టెలో ఇమిడిపోయేటంత చౌక ఎట్లా అయిందన్నదే మేము ఈ ప్రసంగంలో చెప్పదలచిన చరిత్ర.

రేడియో వినేవారికి ఈ రొద కొత్త కాదు. మీడియం వేవులో వార్తలు వింటున్నప్పుడు ఎక్కడో మెరుపు మెరిస్తే, ఒక అక్షరం చెవిన పడదు. "నెల్లూ... జిల్లాలో భారీ వర్షాలు" అని వినిపించినా మనం "నెల్లూరు" అనే గ్రహిస్తాము. భాషలో అవసరానికి మించిన అక్షరాలు ఉండబట్టి, పోయిన దానిని ఉన్నవి పూరిస్తవి. అంకెలకు ఈ సౌకర్యం లేదు. గాలి వేగం నూట ఇరవై అని చెప్పినప్పుడు "నూట" అన్నమాట మింగుడుపడితే, మిగిలిన ఇరవై కూడా అర్థవంతమైన అంకెగానే వినిపిస్తుంది. తప్పు జరిగినట్టు వినేవానికి తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెననూ, 1989 నవంబరు 8వ తేదీ రాత్రి కావలి సమీపాన తీరం దాటిన పెనుతుపానునూ ఎరిగిన కోస్తావాసులకు, హెచ్చరికలో ఒక అంకె తప్పితే ఏమవుతుందో వివరించనక్కరలేదు. అందుకే తుపాను హెచ్చరికను ప్రసారం చేసేటప్పుడు మేము అంకెలను నెమ్మదిగా, రెండు మారులు చదువుతాము.

రెండు మారులు చదవడంలో ఒక లోటు ఉన్నది. మొదటిసారి ఒక అంకె, రెండవసారి మరొక అంకె వినిపిస్తే, ఏది నిజమో తేలదు. మూడు మారులు చెబితే ఎక్కువసార్లు వినిపించిన దానిని నమ్మవచ్చు. కాని అప్పుడు ఒక మాటకు మూడు మాటల కాలం, మూడు మాటల శక్తి ఖర్చవుతున్నది. ఇంతకంటె తక్కువ ఖర్చుతో తప్పులు దిద్దవచ్చునా? దిద్దవచ్చునని 1948లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న క్లాడ్ షానన్ గణితం ద్వారా నిరూపించాడు. ప్రతి వార్తామార్గానికీ ఒక పరిమితి ఉన్నదనీ, ఆ పరిమితికి లోబడి పంపినంతకాలం తప్పులను కోరినంత స్వల్పంగా చేయవచ్చుననీ ఆయన సిద్ధాంతం. అట్టి సంకేతాలు ఉన్నవని చెప్పాడే కాని, వానిని ఎట్లా కట్టాలో, వినేచోట ఎట్లా విప్పాలో ఆయన చెప్పలేదు. ఆ తరువాతి చరిత్రంతా ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే.

మొదటి సమాధానం అదే పరిశోధనాలయంలో దొరికింది. రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు వారాంతాలలో లెక్కలు వేయడానికి అప్పటి రిలే గణనయంత్రాన్ని ఉపయోగించేవాడు. ఎక్కడైనా తప్పు దొర్లితే యంత్రం దానిని గుర్తించి ఆ లెక్కను వదలివేసేది. తప్పు ఉన్నదని తెలుసుకోగల యంత్రం, అది ఎక్కడున్నదో తెలుసుకొని ఎందుకు దిద్దుకోరాదని ఆయన ఆలోచించాడు. 1950లో ప్రచురించిన ఆయన పద్ధతి ఇట్లా ఉంటుంది. నాలుగు బిట్ల సమాచారానికి మూడు సాక్షి బిట్లను చేర్చాలి. ఒక్కొక్క సాక్షి తనకు అప్పగించిన మూడు సమాచారపు బిట్లను కనిపెట్టి, వానిలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్యయా, బేసిసంఖ్యయా అన్నది చెబుతుంది. దారిలో ఏ ఒక్క బిట్టు మారినా, ఏయే సాక్షులు అభ్యంతరం చెబుతున్నారో చూస్తే చాలు. ముగ్గురు సాక్షుల అవుననడం, కాదనడం కలిపి ఎనిమిది విధాలు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం ఒక విధం. మిగిలిన ఏడు విధాలు ఏడు బిట్లలో ఒక్కొక్క దానిని వేలుపెట్టి చూపుతవి. మూడు మారులు చెప్పే పద్ధతిలో నాలుగు బిట్లకు పన్నెండు పంపవలసి ఉండగా, ఇక్కడ ఏడింటితో పని ముగుస్తున్నది.

ఈ లెక్కకు దగ్గర చుట్టమైన మరొక లెక్క అంతకు మూడేండ్ల ముందే మన దేశంలో పుట్టింది. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, అంటే లోకం సి.ఆర్.రావుగా ఎరిగిన తెలుగువాడు, నెల్లూరు మండలపు గూడూరులోనూ, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణాలలోనూ చదువుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో పట్టం పుచ్చుకొని, 1941లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు చేరారు. అక్కడ వారు పరిశీలించిన సమస్యలలో ఒకటి ప్రయోగాల రచన. ఒక పైరుమీద ఏడు అంశాల ప్రభావం తెలుసుకోవాలనుకుందాము: ఈ ఎరువు వేయడమా, మానడమా, ఈ విత్తనమా, ఆ విత్తనమా, నీరు ముందు పెట్టడమా, వెనుక పెట్టడమా. అన్ని కలయికలనూ పరీక్షించడానికి 128 మడులు కావాలి. కాని సరిగా ఏర్చి కూర్చితే ఎనిమిది మడులతోనే ఒక్కొక్క అంశపు ముఖ్యప్రభావాన్ని విడదీసి కొలవవచ్చు. ఇట్టి కూర్పులను 1947లో రావుగారు శాస్త్రీయంగా ప్రతిపాదించి, ఎన్ని అంశాలకు కనీసం ఎన్ని మడులు కావాలో ఒక హద్దు ఏర్పరచారు.

ఏడు అంశాలకు ఎనిమిది మడులు. ఏడు బిట్లకు ఎనిమిది సాక్ష్యాలు. ఈ రెండూ ఒకే నాణెపు బొమ్మా బొరుసూ వంటివి. ఈ సంబంధాన్ని 1961లో రాజచంద్ర బోసు విశదం చేశాడు. బోసు కలకత్తా సంస్థలో పనిచేసి, 1949లో అమెరికాలోని నార్త్ కరోలినాకు వెళ్లినవాడు. ఆయన, ఆయన శిష్యుడు ద్విజేంద్ర రాయ్ చౌధురి కలసి 1960లో ఒకటికంటె ఎక్కువ తప్పులను దిద్దగల సంకేతాలను ప్రకటించారు. ఫ్రాన్సులో హోకెంఘెం 1959లోనే స్వతంత్రంగా వానిని కనుగొన్నందువల్ల, ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో వానిని బి.సి.హెచ్. సంకేతాలు అంటారు. పొలంలో మడులు తగ్గించడానికి పుట్టిన గణితం, ఆకాశవార్తలో బిట్లు పొదుపు చేయడానికి అక్కరకు వచ్చింది. రావుగారు 2023 ఆగస్టు 22వ తేదీన 102 ఏండ్ల వయసులో అమెరికాలో దివంగతులయినారు. శ్రీహరికోటనుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆ మరునాడే చంద్రునిమీద దిగింది.

ఇక మన అసలు విషయానికి వద్దాము. సంకేతం కట్టడం చౌక, విప్పడం ఖరీదు. పంపేచోట కొద్ది బిట్లను నిలువచేసే అరలు, వానిని కూడే చిన్న మీటలు ఉంటే చాలు. వినేచోట అట్లా కాదు. వచ్చిన మాట చెడిపోయి ఉన్నది. పంపగలిగిన మాటలన్నిటిలో దీనికి మిక్కిలి దగ్గరగా ఉన్నది ఏదో తేల్చాలి. వంద బిట్ల సమాచారానికి ఎన్ని మాటలు సాధ్యమో లెక్కిస్తే, ఒకటి పక్కన ముప్పై సున్నలు పెట్టినంత సంఖ్య వస్తుంది. వానిని ఒక్కొక్కటిగా పోల్చి చూచే యంత్రాన్ని ఎవరూ కట్టలేరు. కనుక ఏ సంకేతం గొప్పదన్న ప్రశ్నకంటె, ఏ సంకేతాన్ని చౌకగా విప్పగలమన్న ప్రశ్నయే ఈ శాస్త్రాన్ని ఎక్కువగా నడిపించింది. 1960లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రాబర్ట్ గాలగర్ తన సిద్ధాంతవ్యాసంలో మిక్కిలి శక్తివంతమైన సంకేతాలను ప్రతిపాదించాడు. వానిని విప్పే యంత్రాన్ని కట్టడం ఆనాటి పరికరాలకు తలకు మించిన పని కావడంతో, అవి సుమారు మూడు దశాబ్దాలు గ్రంథాలయాలలోనే నిద్రించినవి.

శ్రీహరికోట తొలి రాకెట్టు ఎగిరిన 1971లోనే, నవంబరు మాసంలో, అమెరికావారి మారినర్-9 నౌక కుజగ్రహాన్ని చేరింది. అది ఆరేసి బిట్లను 32 బిట్ల మాటగా మార్చి పంపేది. ఆరు బిట్లకు సాధ్యమైన మాటలు 64 మాత్రమే కనుక అన్నిటితోనూ పోల్చవచ్చు. ఆ 64 మాటలలో సగం, మిగిలిన సగానికి తారుమారు రూపాలే. అయినా ఒక్కొక్క మాటకు సుమారు వెయ్యి కూడికలు, తీసివేతలు పట్టేవి. ఒకసారి కూడిన వానిని మళ్లీ మళ్లీ కూడకుండా, అయిదు అంచెలలో జతలుజతలుగా కూడుతూ పోతే 160తోనే ముగుస్తుందని గ్రహించి, గ్రీన్ అనే ఇంజనీరు ఆ ప్రకారం యంత్రం కట్టాడు. ఆయన పేరుమీదనే దానిని గ్రీన్ యంత్రమన్నారు. ఫలితంలో వెంట్రుకవాసి తేడా లేదు. శ్రమ మాత్రం ఆరవ వంతుకు తగ్గింది.

అంతకంటె దూరం పోయిన మార్గం ఆండ్రూ విటర్బీది. 1967లో ఆయన దానిని ప్రకటించినప్పుడు, అది సిద్ధాంతాన్ని నిరూపించడానికి సాధనమే కాని యంత్రంగా కట్టదగినదని ఆయనే అనుకోలేదు. దానిని మన దారులతో పోల్చి చెబుతాము. ఒకడు కావలినుంచి సూళ్లూరుపేటకు ఏ దారిన వచ్చాడో మనం ఊహించాలి. కావలినుంచి గూడూరుదాకా ఎన్నో దారులు ఉండవచ్చు. గూడూరు చేరిన తరువాత ముందున్న దారి అందరికీ ఒకటే కనుక, గూడూరుదాకా వచ్చిన దారులలో ఉత్తమమైన ఒక్క దానిని ఉంచుకొని తక్కిన వానిని అక్కడే మరచిపోవచ్చు. ఎంత పొడవైన ప్రయాణమైనా, ప్రతి మజిలీలో ఇట్లా ఏరివేస్తూ పోతే లెక్క పెరగదు. విటర్బీ పద్ధతిలో మజిలీల సంఖ్య సంకేతపు జ్ఞాపకాన్ని బట్టి ఉంటుంది. వార్త పొడవును బట్టి కాదు. జెట్ ప్రొపల్షన్ పరిశోధనాలయంలో జెర్రీ హెల్లర్ పరీక్షించి, 64 మజిలీలు ఉన్న చిన్న సంకేతమే ఆకాశవార్తలకు చాలునని చూపడంతో ఈ పద్ధతికి జీవం వచ్చింది. విటర్బీ దీనికి పేటెంటు హక్కు తీసుకోలేదు. ఎవరైనా కట్టుకోవడానికి దారి తెరచి ఉన్నది.

1970 ప్రాంతంలో ఈ డీకోడర్లు వందలాది చిన్న చిప్పులతో పెట్టెలుగా ఉండేవి. వాని వెలను తగ్గించిన యుక్తులను వరుసగా చూద్దాము. మొదటిది, వినడంలో ఎంత సూక్ష్మత కావాలన్న విచారణ. వచ్చిన సంకేతాన్ని "ఒకటి", "సున్న" అని వెంటనే ఖాయం చేస్తే, అది గట్టిగా వినిపించిందా, మెల్లగా వినిపించిందా అన్న ఆధారం నశిస్తుంది. ఆ నష్టాన్ని పూరించడానికి ఉపగ్రహం ఒకటిన్నర రెట్లు శక్తితో పలకవలసి వస్తుంది. అట్లని అతిసూక్ష్మంగా కొలిస్తే యంత్రం బరువెక్కుతుంది. ఎనిమిది మెట్లలో కొలిస్తే చాలుననీ, అంతకుమించిన సూక్ష్మతవల్ల కలిగే లాభం స్వల్పమనీ పరీక్షలలో తేలింది. ఎనిమిది మెట్లకు మూడు బిట్లు చాలు.

రెండవది, గతాన్ని ఎంతవరకు గుర్తుంచుకోవాలన్నది. సిద్ధాంతం ప్రకారం వార్త ముగిసేదాకా ప్రతి మజిలీ తన దారినంతా నిలువచేయాలి. కాని కొంత వెనుకకు పోతే, మిగిలిన దారులన్నీ దాదాపు ఒకే మూలంలో కలసిపోతున్నవి. సంకేతపు నిడివికి సుమారు అయిదు రెట్లు, అంటే ముప్పై అయిదు బిట్ల గతం ఉంచుకొని, అంతకు ముందున్న దానిని నిర్ణయించి బయటకు పంపివేస్తే నష్టం కనబడదు. మూడవది, పనివారి లెక్క. ప్రతి మజిలీలోనూ జరిగే పని ఒకటే: రెండు దారుల భారాలు కూడడం, పోల్చడం, ఒకటి ఎన్నుకోవడం. అరవైనాలుగు మజిలీలకు అరవైనాలుగు కూడిక యంత్రాలు పెడితే అతివేగంగా నడుస్తుంది. వార్త నెమ్మదిగా వచ్చేదైతే ఒకే యంత్రం అరవైనాలుగు వంతులూ తానే చేయగలదు. కళ్లంలో నూర్పిళ్లకు ఎందరు మనుషులు కావాలన్నది కుప్ప పరిమాణాన్ని బట్టి ఉంటుంది కదా. ఇట్టి యుక్తులూ, చిప్పుల తయారీలో వచ్చిన ప్రగతీ కలసి, 1990 ప్రాంతానికి ఈ యంత్రాన్ని ఒక్క చిప్పుమీద నిలిపినవి.

ఇంతలో మరొక జాతి సంకేతం నేరుగా ఇళ్లలోకి వచ్చింది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రతిపాదించిన సంకేతాలు గుంపుగా వచ్చే తప్పులను దిద్దడంలో నేర్పు కలవి. వానిని విప్పడానికి 1968లో బెర్ల్‌కాంప్, 1969లో మాసీ సులభమైన మార్గం చూపారు. 1982లో అంగడికి వచ్చిన సంగీతపు సి.డి. పళ్లెంలో వీనినే వాడారు. పళ్లెంమీద గీత పడినా పాట ఆగకపోవడానికి కారణం ఇదే. తప్పు దిద్దే యంత్రం సామాన్య గృహస్థుని సొత్తు కావడం అదే మొదలు. లక్షలకొద్దీ తయారైనప్పుడు చిప్పు వెల ఎట్లా పడిపోతుందో కూడా దానితోనే లోకానికి తెలిసింది. చిప్పును రచించడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిదే. దానిని పదిమందికి పంచితే భారం, పదిలక్షలమందికి పంచితే పైసలు.

1993లో ఫ్రెంచివారైన బెరూ, గ్లావియూ తమ బృందంతో షానన్ హద్దును దాదాపు తాకే సంకేతాలను ప్రకటించి శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచారు. ఆ ఉత్సాహంలో పాత గ్రంథాలు తిరగేసినవారికి గాలగర్ సంకేతాలు మళ్లీ కనిపించినవి. ఇంగ్లండులో డేవిడ్ మెకే, రాడ్‌ఫర్డ్ నీల్ 1990ల నడుమ వాని శక్తిని చాటారు. ఈ పద్ధతిలో వేలకొద్దీ బిట్లను, ఒక్కొక్క దానిలో కొద్ది బిట్లే పాల్గొనే పరీక్షలు కనిపెట్టి ఉంటవి. ప్రతి పరీక్షా తనలోని ప్రతి బిట్టుకూ, "మిగిలిన వారి మాట ప్రకారం నీవు ఇది అయి ఉండాలి; దీనిని ఇంతవరకు నమ్మవచ్చు" అని చెబుతుంది. బిట్లు ఆ సలహాలను కూడుకొని మళ్లీ పరీక్షలకు నివేదిస్తవి. పంచాయితీలో మాట అటూ ఇటూ తిరిగినట్లు కొన్ని విడతలు తిరిగేసరికి నిజం తేలుతుంది.

దీనిలో ఖరీదైనది నమ్మకాన్ని లెక్కకట్టడం. అసలు సూత్రంలో క్లిష్టమైన పట్టికలు అవసరమవుతవి. 1990ల చివరి సంవత్సరాలలో దీనికి సులువైన బదులు వాడుకలోకి వచ్చింది. మిగిలిన సాక్షులలో అందరికంటె తక్కువ నమ్మదగినవాని నమ్మకమెంతో, పరీక్ష చెప్పే మాటకు ఇంచుమించుగా అంతే విలువ. కనుక పట్టికలు వద్దు. పోల్చి చూచి కనిష్ఠం పట్టుకుంటే చాలు. కొద్దిపాటి సవరణతో నష్టం కూడా దాదాపు పోతుంది. ఈ సులువులోనుంచి మరొక పొదుపు పుట్టింది. ఒక పరీక్షలో ముప్పై బిట్లు పాల్గొంటే, అది ముప్పై సలహాలు ఇవ్వాలి. కాని వానిలో రెండే విలువలు ఉంటవి: అందరికీ కనిష్ఠ విలువ, ఆ కనిష్ఠపు యజమానికి మాత్రం దాని తరువాతి విలువ. ముప్పై సలహాలను ఆరేసి బిట్ల చొప్పున నిలువచేస్తే 180 బిట్ల చోటు కావాలి. అట్లా గాక రెండు విలువలకు పది బిట్లు, కనిష్ఠం ఎవరిదో తెలిపే గుర్తుకు అయిదు, ముప్పై మంది అవుననడం కాదనడానికి ముప్పై, మొత్తం 45 బిట్లతో సరిపోతుంది. నాలుగవ వంతు. డీకోడరు చిప్పులో అధికభాగం ఈ నిలువ అరలే కనుక ఇది పెద్ద మిగులు. ఇంతేకాక, పరీక్షలన్నీ ముగిసేదాకా ఆగకుండా, వరుసలుగా నడిపి, ఒక వరుసలో తేలిన దానిని వెంటనే తరువాతి వరుసకు అందిస్తే విడతల సంఖ్య దాదాపు సగమవుతుందని కూడా కనుగొన్నారు.

వీని ఫలితం మన ఇంటికప్పులమీదనే ఉన్నది. 2005 నాటికి ప్రమాణంగా స్థిరపడిన రెండవ తరం ఉపగ్రహ టెలివిజన్ ప్రసారంలో 64,800 బిట్ల గాలగర్ జాతి సంకేతం వాడుతారు; దాని దిద్దుబాటులో మిగిలిపోయిన కొద్ది తప్పులను ఏరడానికి వెలుపల బోసుగారి బి.సి.హెచ్. సంకేతాన్ని కాపలా పెట్టారు. అయిదవ తరం చేతి ఫోనులలో సమాచారం గాలగర్ జాతి సంకేతాలతోనే వస్తున్నది. అల్మారాలలో కూడ పట్టని యంత్రం చొక్కాజేబులో తిరుగుతున్నది.

ఇప్పుడు సముద్రం వైపు చూద్దాము. మైపాడునుంచో, జువ్వలదిన్నెనుంచో పడవ తీరాన్ని విడిచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే చేతి ఫోను మూగపోతుంది. 1980ల దశకంలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా కోస్తాలోని కార్యాలయాలకు తుపాను హెచ్చరికలు నేరుగా పంపే ఏర్పాటు జరిగింది. అది ఎంతో మేలు చేసింది. కాని ఆ రిసీవర్లు నేలమీది కార్యాలయాలలో ఉండేవే గాని పడవలలో పెట్టదగినవి కావు. 2017 నవంబరు చివర వచ్చిన ఓఖీ తుపానులో కేరళ, కన్యాకుమారి తీరాలకు చెందిన ఎందరో బెస్తలు నడిసముద్రంలో హెచ్చరిక అందక ప్రాణాలు కోల్పోయినారు. హెచ్చరిక లేక కాదు. అది వారి చెవిని చేరే సాధనం లేక.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, భారత విమానాశ్రయాల సంస్థ కలసి 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పరికరాన్ని ప్రారంభించినవి. విమానాల కోసం నెలకొల్పిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా వచ్చే హెచ్చరికలను అది పట్టి పడవలోని ఫోనుకు అందిస్తుంది. గగన్ వార్త సెకనుకు 250 బిట్లు. సంకేతం కట్టగా 500 గుర్తులు. ఆ సంకేతం హెల్లర్ చాలునన్న 64 మజిలీల సంకేతమే. సెకనుకు 250 బిట్లు, ఒక్కొక్క దానికి 64 మజిలీలు, మొత్తం 16,000 ఎంపికలు. సెకనుకు కోట్లకొద్దీ పనులు చేయగల నేటి చిప్పుకు ఇది లెక్కలోనిది కాదు. అరవైనాలుగు యంత్రాల పనిని ఒక్క యంత్రం తీరుబడిగా చేసివేస్తుంది.

2013 జూలై 1న మొదటి ఉపగ్రహం శ్రీహరికోటనుంచి ఎగిరిన మన నావిక్ వ్యవస్థలోని సామాన్య సేవ ఇంకా నెమ్మది: సెకనుకు 50 గుర్తులు, అంటే 25 బిట్లు. ఇక్కడ మరొక చౌక ఉపాయం కూడా ఉన్నది. 584 గుర్తులను 73 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసలు గల గడులలో నిలువుగా వ్రాసి, అడ్డంగా చదివి పంపుతారు. అల ఎగిరి పడవ ఒరిగినప్పుడు వరుసగా కొన్ని గుర్తులు పోయినా, వినేచోట తిరిగి అమర్చగానే ఆ నష్టం దూరదూరంగా చెదరిపోయి, డీకోడరు దిద్దగల ఒంటరి తప్పులుగా మారుతుంది. దీనికి కావలసినది కొద్ది నిలువ అరలు మాత్రమే.

ఈ చరిత్రలో ఒక వరుస కనిపిస్తున్నది. సంపూర్ణమైన లెక్కను పట్టుకొని కూర్చున్నవారివల్ల వెల తగ్గలేదు. ఏది వదలివేస్తే వినికిడికి నష్టం రాదో పరీక్షించి, తెలిసి వదలినవారివల్ల తగ్గింది. ఎనిమిది మెట్లకు మించిన సూక్ష్మత, ముప్పై అయిదు బిట్లకు మించిన గతం, రెండింటికి మించిన విలువలు, ఇవన్నీ అట్లా వదలినవే. ఎంతవరకు వదలవచ్చునో కొలవకుండా వదలితే మాత్రం అది పొదుపు కాదు. సముద్రంమీద ఉన్నవానికి అది ద్రోహం.

ఇంకా మిగిలిన పని ఉన్నది. ఆకాశవాణి అనేక కేంద్రాలలో డిజిటల్ పద్ధతిలో మీడియం వేవు ప్రసారాలకు యంత్రాలు నెలకొల్పింది. మెరుపుల రొద లేకుండా వినిపించే ఆ ప్రసారాన్ని అందుకొనే రిసీవరు వెల మామూలు ట్రాన్సిస్టరు వెలకంటె బాగా ఎక్కువగా ఉండడంచేత, అది ఇళ్లలోకి ఇంకా విస్తారంగా చేరలేదు. దానిలోనూ తప్పు దిద్దే యంత్రం ఉన్నది; వెలకు అదొక్కటే కారణం కాదు, కొనేవారు కొద్దిమంది కావడం మరొక కారణం. సి.డి. పళ్లేలకూ, ఫోనులకూ జరిగినది దీనికి కూడా జరగవలసి ఉన్నది. మన ఇంజనీరింగు కళాశాలలలో చదివే యువకులు, యువతులు ఈ పనికి పూనుకుంటే, వారు పొదుపు చేసే ఒక్కొక్క నిలువ అరా కృష్ణపట్నం, జువ్వలదిన్నె వంటి రేవుల్లో ఒక గృహస్థుని ఖర్చులో తగ్గుతుంది. తుపాను రాత్రి అంకె తప్పకుండా వినబడే పెట్టె అతనికి అందుబాటులోకి వస్తుంది.